సోలెడు తవుడు

నాగావళి ఒడ్డున ఆశ్రమంలో తవిటయ్యకి అన్నీ బాగానే ఉన్నాయి, పేరు తప్ప. శ్లోకం అందుకుంటే తడబడేవాడు కాదు. కానీ భోజనాల వేళ ఎవరో ఒకరు, "తవుడు వచ్చింది, ఆవుకి పెట్టండర్రా" అనేవారు. పంక్తంతా కిసుక్కుమనేది. అతనికి ముద్ద దిగేది కాదు.

మర్నాడు దీక్ష. చుట్టుపక్కల ఊళ్ల జనం వస్తారు. అందరి ముందూ గురువుగారు పేరు పెట్టి పిలుస్తారు. తవిటయ్య వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"కొత్త పేరు పెట్టండి. లేదంటే దీక్షా వద్దు, ఏమీ వద్దు. ఇవాళే పోతాను."

"ఏ పేరో చూసుకున్నావా?"

చూసుకోకేం, నెలల తరబడి నోట్లో నానుతున్నదే. "మృత్యుంజయానంద," అన్నాడు కొంచెం సిగ్గుపడుతూ.

"భేషుగ్గా ఉంది. మరి పాతది ఎలా వచ్చింది?"

తవిటయ్య గొణిగాడు. తనకి ముందు పుట్టినవాళ్లెవరూ దక్కలేదు. అందుకని తను పుట్టగానే మంత్రసాని చేటలో వేసుకుని పట్టుకుపోయింది. అమ్మ సోలెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుంది. తవుడుపాటి విలువ చేసే బిడ్డ మీద చావు కన్ను కూడా పడదని వాళ్ల ఊరి నమ్మకం.

"అయితే అది కొన్న పేరురా, ఊరికే పారేయకూడదు. రేపు మీ అమ్మ వస్తుందిగా, సోలెడు తవుడు ఆవిడ చేతిలో పోసెయ్. బేరం రద్దయిపోతుంది. ఆ వెంటనే నువ్వు మృత్యుంజయానందవి."

ఇంత తేలికా అనుకున్నాడు తవిటయ్య. తవుడు తెచ్చి శ్రద్ధగా జల్లించాడు కూడా.

తెల్లారి తల్లి గౌరమ్మ చేగోడీల మూటతో వచ్చింది. కొడుకు దోసిలి చాచాడు.

"ఏట్రా అది?"

"తవుడమ్మా. నువ్వప్పుడు మంత్రసానికిచ్చింది. తిరిగి తీసేసుకో."

గౌరమ్మ చేతులు రెండూ చప్పున వెనక్కి పెట్టేసుకుంది. మూట కింద పడింది. ఎవరో వినేస్తున్నట్టు చుట్టూ చూసింది.

"నాను తీసుకోను."

"మాటవరసకే అమ్మా. ఇలా పట్టు."

"సచ్చినా పట్టను."

అతను ఒక అడుగు ముందుకేస్తే ఆమె ఒక అడుగు వెనక్కేసింది. తులసికోట చుట్టూ తల్లీకొడుకుల ప్రదక్షిణం మొదలైంది. శిష్యులు పొట్టలు పట్టుకున్నారు. తవిటయ్యకీ నవ్వొచ్చింది. కానీ ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఎదిగిన కొడుకు ఎదురుగా నిలబడి ఉండగానే, పొత్తిళ్లలో బిడ్డని ఎవరో లాక్కుపోతున్నట్టు వణికిపోతోంది.

"గుప్పిలి మూసీరా నాయినా," అంది. "గాలికి నా మీద పడిపోద్ది."

తవిటయ్య గుప్పిళ్లు మూసుకున్నాడు. గోశాల వైపు నడిచాడు. దారిలో ఎవరో నోరు తెరవబోతే, "తవుడు వచ్చింది, ఆవుకి పెడుతున్నా," అని తనే అన్నాడు.

తిరిగొచ్చేసరికి గురువుగారు తులసికోట దగ్గర పీట మీద ఉన్నారు. జనం కూర్చున్నారు.

"ఏమని పిలవమంటావు?"

"తవిటయ్యనే అనండి."

"మరి ఆ రెండోది?"

అతను వంగి కింద పడ్డ చేగోడీలు ఏరుతున్నాడు. గురువుగారు ఒకటి అందుకుని, మట్టి ఊది, కొరికారు.

"ఒకే అర్థానికి రెండు పేర్లెందుకులే," అన్నారు.