పాపిడి తీసిన అడవి పంది

గుమ్మళ్లకోట రాజు భుజంగరాయుడుగారికి ఒకరోజు పొద్దున్నే తాతగారి పటం చూస్తే రోషం పొడుచుకొచ్చింది.

పటంలో తాతగారు చచ్చిన అడవి పంది మీద కాలేసి నిలబడి ఉంటారు. పక్కన దూడల్లాంటి రెండు కుక్కలు. గరుకు బొచ్చు, గడ్డం, మీసం. ఓడలో వచ్చిన ఎవరో దొర కానుకిచ్చిన టెర్రియర్ జాతి వేటకుక్కలు. పందిని పట్టాయంటే పిడుగు పడ్డా వదిలేవి కావట.

వాటి వంశంలో పుట్టిన పన్నెండు కుక్కలు ఇప్పుడు రాజుగారి ఎదురుగా, పన్నెండు పరుపుల మీద గురకపెడుతున్నాయి.

"ఇవి వేటకుక్కలేనా?" అని అరిచారు రాజుగారు.

ఒక కుక్క ఒక కన్ను తెరిచి, ఆయన్ని చూసి, మళ్లీ మూసేసుకుంది.

"అవతల అడవి పందులు రైతుల చిలగడదుంపలన్నీ తవ్వుకు తింటున్నాయి. ఇక్కడ ఇవి నా నెయ్యి తింటున్నాయి! జగ్గరాజూ, నెల్లాళ్లలో ఇవి పందిని పట్టాలి. మా తాతగారి రోజులు తిరిగి రావాలి!"

జగ్గరాజు కుక్కల పేష్కారు. కుక్కల మీసాలు మెలితిప్పడం, వాటి పద్నాలుగు తరాల పేర్లు గడగడా అప్పజెప్పడం ఆయన ఉద్యోగం.

"చిత్తం ప్రభూ. రక్తంలో ఉన్న వేట ఎక్కడికి పోతుంది? వచ్చిన చిక్కల్లా అదిగో, దానితోనే."

ఆయన వేలు వంటసాల గుమ్మం వైపు తిరిగింది. అక్కడ కుక్కలకి వండిపెట్టే పోలమ్మ గరిటెతో నిలబడి ఉంది. ఆమె కాళ్ల దగ్గర రంగి. అదీ ఆ జాతి కుక్కే. పిల్లప్పుడు కాలు వంకరగా ఉందని జగ్గరాజు గోడవతల పారేయిస్తే, పోలమ్మ తెచ్చి పెంచుకుంది.

"దానికి సగం చెవి లేదు ప్రభూ. చేల వెంట తిరిగి బురదలో పొర్లుతుంది. దాన్ని చూసి మన కుక్కలు చెడిపోతున్నాయి."

"చెవి పందితో కలబడితే పోయింది దొరా," అంది పోలమ్మ. "మా అన్న చేలో. పందీ పోయింది."

"అబద్ధం! సాక్ష్యం ఏదీ?" అన్నాడు జగ్గరాజు.

"కూరొండుకున్నాం దొరా."

రాజుగారికి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నారు. "నెల తర్వాత పరీక్ష. జగ్గరాజు కుక్కలు పందిని పడితే నువ్వూ నీ చెవిలేని కుక్కా కోట దాటిపోవాలి."

పోలమ్మ రంగి వైపు చూసింది. ఉద్యోగం పోతే ఎక్కడైనా గరిటె తిప్పుకుంటుంది. పూటకి కుండెడు తినే రంగిని మాత్రం ఏ ఊళ్లో ఎవరు ఉండనిస్తారు?

నెల తిరిగింది. కోట ముందు మైదానంలో డప్పులు మోగాయి. బండి మీద ఇనపబోను వచ్చింది.

"నల్లకొండ అడవిలో ఏడుగుర్ని కుమ్మిన పంది ప్రభూ!" అని అరిచాడు జగ్గరాజు.

బోను తెరిచారు. పంది దిగింది. పన్నెండు కుక్కలూ ఉరికి చుట్టుముట్టాయి. పంది ఒక్కసారి చుట్టూ చూసి, వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ పైకెత్తేసింది.

జనం ఈలలు వేశారు. రాజుగారు ఆగలేక గద్దె దిగి పరుగున వచ్చి, పంది పొట్ట మీద ఒక కాలేసి రొమ్ము విరుచుకున్నారు.

"పటాలు గీసేవాణ్ణి పిలవండి!"

పంది హాయిగా కళ్లు మూసుకుంది.

తాడుతో కట్టేసి ఉన్న రంగి మాత్రం ఆ పందిని ఒకసారి వాసన పట్టి, ఆవలించి, పడుకుంది.

"చూశారా ప్రభూ, పిరికిది!" అన్నాడు జగ్గరాజు.

పోలమ్మకి వింతగా తోచింది. పంది వాసన తగిలితే రంగిని ముగ్గురు మగాళ్లు పట్టుకున్నా ఆగదు. ఇవాళ ఆవలింతలేంటి? రెండడుగులు ముందుకేసి చూసింది. పంది నెత్తిన వెంట్రుకలు పాపిడి తీసి దువ్వి ఉన్నాయి. ఆ పైన గుప్పుమని నెయ్యి వాసన. తను కాచిన నెయ్యే!

ఆమెకి సంగతి బోధపడింది. కానీ ఎలా చెప్పడం? రాజుగారు కాలేసి నిలబడ్డ పందిని జగ్గరాజు నెయ్యి పోసి సాకిన పెంపుడు పంది అంటే నాలిక ఉంటుందా?

"దొరా, పోతాను. పోయేముందు ఒక్కసారి నా చేత్తో వీటికి అన్నం పెట్టుకోనివ్వండి."

"సరే, కానీ. ఆఖరిసారి."

పోలమ్మ పన్నెండు విస్తళ్లు వేసి వడ్డించింది. కుక్కలు పందిని వదిలేసి వచ్చి వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ మూతి పెట్టలేదు. జగ్గరాజు "ఆరగించండి" అంటేనే తినాలి, అది ఆయన నేర్పిన మర్యాద.

పోలమ్మ వరస చివర పదమూడో విస్తరి వేసింది.

రాజుగారి కాలి కింద పొట్ట కదిలింది. పంది లేచింది, రాజుగారు పక్కనే ఉన్న మంత్రిగారి మీద పడ్డారు. పంది నింపాదిగా నడుచుకుంటూ వెళ్లి, పదమూడో విస్తరి ముందు చతికిలబడి, జగ్గరాజు మొహంలోకి చూసింది.

డప్పులు ఆగిపోయాయి.

"జగ్గరాజూ," అన్నారు రాజుగారు తలపాగా సర్దుకుంటూ, "అది దేనికోసం చూస్తోందయ్యా?"

"క్రూ... క్రూరమృగం ప్రభూ! దగ్గరికి పోకండి, మీద పడుతుంది!"

పోలమ్మ చేతులు కట్టుకుంది.

"నిజమే దొరా. నెయ్యి తగ్గితే మీద పడుద్ది."

ముందు మంత్రిగారు పక్కున నవ్వారు. తర్వాత మైదానమంతా. రాజుగారు నవ్వాపుకుని, గొంతు సవరించుకుని, స్వయంగా అన్నారు:

"ఆరగించండి."

పదమూడు మూతులు ఒక్కసారే విస్తళ్లలోకి వంగాయి.

నవ్వీ నవ్వీ రాజుగారికి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. "అయితే పోలమ్మా, మా తాతగారి జాతి అంతరించిపోయినట్టేనా?"

"జాతికేం దొరా, రాయిలా ఉంది. మా రంగికి పని దొరికింది, వీటికి పరుపు దొరికింది. అంతే తేడా. రంగి వెనకాల చేలల్లోకి తోలండి, పంట చేతికొచ్చేలోపు మీసాలకి బురదంటుద్ది."

"తోలేదెవరు, నువ్వే! ఇవాళ్టి నుంచి కుక్కల పేష్కారువి నువ్వు. జగ్గరాజు ఆ పందికి పేష్కారు." రాజుగారు చేతి కడియం తీసి ఆమెకిచ్చారు. "ఇంకేం కావాలో కోరుకో."

పోలమ్మ కడియం కొంగున ముడేసుకుంది.

"ఆ పన్నెండు పరుపులూ మా రైతులకిప్పించండి దొరా. ఇన్నాళ్లూ రాత్రుళ్లు చేలల్లో కాపలా కాసి కుక్కల పని వాళ్లే చేశారు."