మేస్త్రి శాలువా

కిరీటికి వచ్చిన కష్టం చూడబోతే పెద్దదేం కాదు. మాట్లాడాల్సింది ఇరవై నిమిషాలు, చూపించాల్సిన స్లైడ్లు ఎనభై. అందులో ఏ ఒక్కటీ తీసెయ్యడానికి మనసొప్పడం లేదు.

హైదరాబాదులో హరిత భవనాల సదస్సు. 'యంత్రం లేకుండా చల్లగా ఉండే ఇల్లు' అన్న అంశం మీద కిరీటి ప్రసంగించాలి. వినడానికి హైమవతిగారు వస్తున్నారు. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆదోని దగ్గర రేకుల షెడ్డులో నడుస్తున్న తమ ఆడపిల్లల బడికి కొత్త భవనం కట్టించబోతున్నారు. పని ఎవరికివ్వాలో ఈ సదస్సులో విని తేల్చుకుంటానని ముందే కబురు చేశారు. ఏడేళ్లుగా చిన్నాచితకా ఇళ్లు కట్టిస్తూ నెట్టుకొస్తున్న కిరీటికి ఆ బడి కావాలి. అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస.

అందుకే బనగానపల్లె వెళ్లి మౌలాలి మేస్త్రిని కలిశాడు. మట్టిపనీ, సున్నంపనీ ఆయన దగ్గర నేర్చుకున్నవే.

"మేస్త్రిగారూ, వీటిల్లో ఏవి తీసెయ్యమంటారు?"

మేస్త్రి ల్యాప్‌టాప్‌లో బొమ్మల్ని కాసేపు చూశాడు.

"ఎంతమంది వస్తారు నాయనా?"

"మూడొందల మంది."

"అయితే నేనూ వస్తా, పద."

ఈ మేస్త్రిది మొదట్నుంచీ ఒక వింత పద్ధతి. కొత్త స్థలానికి వెళితే టేపు తీయడు. ఆ ఇంటివాళ్లందర్నీ మిట్టమధ్యాహ్నం ఆ ఖాళీ జాగాలో కూర్చోబెడతాడు. వాళ్లు చెట్టు కిందికో, పక్కింటి గోడ వారకో జరుగుతూ జరుగుతూ చివరికి ఎక్కడ కుదురుకుంటారో చూస్తాడు. అది చూశాక గానీ పునాదికి ముగ్గు పోయడు. తొలిరోజుల్లో కిరీటికి ఇది పనిలేని పనిగా అనిపించేది. ఇప్పుడదే అతని నాలుగో స్లైడు.

సదస్సు జరిగే హాలుకు కిటికీ అన్నది లేదు. పొద్దుటి నుంచి ఆరుగురు వక్తలు వచ్చి, అరచేతిలో వైకుంఠం చూపించి దిగిపోయారు. ఏడో వంతు కిరీటిది. మాట్లాడక ముందే గురుశిష్యులిద్దరికీ శాలువాలు కప్పారు. ఫొటో అవగానే కిరీటి తన శాలువా మడిచి బల్ల మీద పెట్టాడు. మేస్త్రి మాత్రం కప్పుకునే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

కిరీటి బాగానే మొదలుపెట్టాడు. కానీ హైమవతిగారు చేతులు కట్టుకుని, బిగుసుకుని కూర్చుని ఉన్నారు. పదో స్లైడుకీ అంతే, ఇరవయ్యో స్లైడుకీ అంతే. నచ్చడం లేదనుకున్నాడు. వేగం పెంచాడు. గోడ మందం చెప్పాడు, గాలి వేగం చెప్పాడు, లెక్కల మీద లెక్కలు చెప్పాడు. ఆవిడ చేతులు ఇంకా దగ్గరికి ముడుచుకున్నారు.

"మనిషి ఒంటికి హాయినిచ్చే వేడి ఎంతో ఇప్పుడు చూద్దాం," అంటూ కొత్త స్లైడు వేశాడు.

అప్పుడు లేచాడు మేస్త్రి. ప్రొజెక్టరు వెలుగుకు అడ్డంగా నడిచాడు. తెర మీది పట్టికలన్నిటి మీదుగా ఆయన తలపాగా నీడ దాటిపోయింది. హైమవతిగారి దగ్గర ఆగి, తన శాలువా తీసి ఆవిడ భుజాల చుట్టూ కప్పాడు.

"కప్పుకోమ్మా. సలికి వణుకుతాండావు."

ఆవిడ మొహమాటపడలేదు. శాలువాను గొంతు దాకా లాక్కున్నారు. వెనక ఎవరో నవ్వారు.

కిరీటి ఆగిపోయాడు. కోటు వేసుకున్న తనకు ఇంతసేపూ ఆ చలి తెలియలేదు. ఇప్పుడు హాలంతా చూశాడు. వరసల నిండా కట్టుకున్న చేతులే. తల మీదుగా చున్నీ కప్పుకున్నవాళ్లు, చెవులకు చేతిరుమాలు చుట్టుకున్న ఒక పెద్దాయన. తెర మీద ఇంకా అదే స్లైడు ఉంది. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

"ఏసీ కొంచెం తగ్గిస్తారా?" అని నిర్వాహకుణ్ణి అడిగాడు.

"అది మా చేతిలో లేదండీ. బిల్డింగు మొత్తానికీ ఒకటే."

కిరీటి ల్యాప్‌టాప్ మూసేశాడు. మడిచిపెట్టిన శాలువా తీసుకెళ్లి చెవులకు రుమాలు కట్టుకున్న పెద్దాయన చేతికిచ్చాడు. "బయట మెట్ల మీద కూర్చుందామా అండీ?" అన్నాడు అందరితో.

"మీకింక పదకొండు నిమిషాలే ఉన్నాయి," అన్నాడు నిర్వాహకుడు కంగారుగా.

"చాలండీ."

అందరూ రాలేదు. వచ్చిన నూరు మంది మెట్ల మీది ఫాల్గుణం ఎండలోకి ఆబగా వెళ్లారు. కిరీటి నోరు తెరవబోయాడు. మేస్త్రి వద్దన్నట్టు చెయ్యెత్తాడు.

నిమిషం గడిచింది, రెండయ్యాయి. ఒళ్లు వెచ్చబడ్డవాళ్లు ఒక్కొక్కరే లేచి, పోర్టికో నీడ అంచుకు జరిగారు. హైమవతిగారు శాలువా తీసి మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. కాసేపటికి ఆవిడా లేచి స్తంభం పక్కకు మారి, కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఆ తర్వాత ఎవరూ కదల్లేదు. నిర్వాహకుడు గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. కిరీటి మాత్రం వాళ్లనే చూస్తూ నిలబడ్డాడు.

"ఊ, ఇప్పుడు మొదలుపెట్టు నాయనా," అన్నాడు మేస్త్రి.

కిరీటి కోటు విప్పి చేతి మీద వేసుకున్నాడు. హైమవతిగారి దగ్గరికి వెళ్లాడు.

"మీ పిల్లలు మధ్యాహ్నం పూట ఎక్కడ కూర్చుంటున్నారమ్మా?"

ఆవిడ కొంచెం జరిగి, పక్కన మెట్టు మీద చోటిచ్చారు.

"షెడ్డులో ఉండలేరు బాబూ," అన్నారు. "వెనకాల గోదాము గోడ ఉంది..."