చల్లారని ఆవం

ఒక ఊళ్లో ఒక కుమ్మరి ఉండేవాడు. అతను చేసిన కుండలో పోసిన నీళ్లు చల్లగా ఉండేవి. ఊరికి అతని గురించి తెలిసింది అంతే. అతనికి కావలసిందీ అంతే.

ఆ ఇంట్లో తాతలనాటి కట్టడి ఒకటి ఉంది. కుండలు కాల్చే ఆవంలో మంట ఆరాక మూడు రోజులు దాని మీద చెయ్యి వెయ్యకూడదు. వేడి మీద తెరిస్తే గాలి తగిలి కుండలు పగులుతాయి. ఆ మూడు రోజుల్ని ఆవం నిద్ర అనేవారు. కట్టడి ఆవానికే గాని, అలవాటు కొద్దీ మట్టి తిప్పే సారె మీద కూడా తడిగోనె కప్పేసి, కుమ్మరీ అతని భార్యా పందిరి కింద ఎదురెదురుగా కూర్చునేవారు.

ఊరికే కూర్చోమంటే చేతులు ఊరుకోవు. అందుకని ఇద్దరి మధ్యా ఒక జల్లెడ ఉండేది. తరవాతి విడతకి మట్టిలో కలపాల్సిన ఊకని మెత్తగా జల్లిస్తూ కబుర్లు చెప్పుకునేవారు. ఆమె తన పుట్టింటి మేకపోతు కథ ఎత్తుకుంటే, వందసార్లు విన్నదే అయినా అతను మళ్లీ మొదటిసారి విన్నట్టే నవ్వేవాడు. అది పనో విశ్రాంతో ఇద్దరిలో ఎవరూ ఆలోచించలేదు.

ఆ ఏడు రాజుగారు కొత్త బాట వేయించారు. ఆమడకొక చలివేంద్రం పెట్టించి, కుండలన్నీ ఈ కుమ్మరే చెయ్యాలన్నారు. బాట అధికారి బళ్లు తోలించుకుని వచ్చి, ఎండలు ముదిరేలోగా కావాలని చెప్పి వెళ్లాడు. కుమ్మరికి ఒళ్లు పులకరించింది. ఎండనపడి వచ్చే బాటసారులందరూ తన కుండలో నీళ్లు తాగి అమ్మయ్య అనుకుంటారు. ఒక కుమ్మరికి అంతకంటే ఏం కావాలి?

పని మొదలుపెట్టాక ఆ మూడు రోజులూ అతనికి కంట్లో నలుసయ్యాయి. తాతల కట్టడి దాటే ధైర్యం లేదు. తెలివి మాత్రం ఉంది. రెండో ఆవం కట్టాడు. ఒకటి నిద్రపోతుంటే ఇంకొకటి మండుతుంది. రెండూ ఒకేసారి నిద్రపోయే రోజు వచ్చేసరికి మూడోది కట్టాడు. ఏ ఆవాన్నీ వేడి మీద తెరవలేదు. కట్టడి కట్టడిలాగే ఉంది, పందిరి కింద కూర్చునేవాళ్లే లేరు.

“కుండలకి మూడు రోజులు ఇస్తన్నావు కదా మావా, నువ్వో పూటైనా తీసుకోవా?” అని భార్య అడిగింది.

“నేనేమన్నా మట్టినా, పగలడానికి?” అన్నాడు.

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని ఆమె గొణిగింది. నీళ్లు తాగించే పనే కదా చేస్తున్నానని అతను నవ్వాడు. తన జవాబు తనకే ముచ్చటేసింది కూడా.

ఆ మూడు రోజులతోపాటే ఊక జల్లించడమూ పోయింది. ముతక ఊక కలిపితే కుండకి చిల్లులు పడతాయి. అందుకని ఊకే మానేశాడు. ఊక లేని మట్టి సారె మీద నున్నగా తిరిగింది. ఆ కుండలు బండి కుదుపులకి కూడా చెక్కుచెదరలేదు. అధికారి ఒకదాన్ని వేలితో కొట్టి చూసి, అది ఖంగుమంటే భేష్ అన్నాడు. తాతలు ఊక పేరు చెప్పి ఊరికే పొద్దుపుచ్చారని కుమ్మరి తీర్మానించుకున్నాడు. తాతలు ఎదురుగా ఉంటే ఏమనేవారో గాని, నాకు మాత్రం ఆ మాటకి అతని మీద కోపం కన్నా జాలే ఎక్కువ.

ఎండలు ముదిరాయి. అతని అరచేతులు మండడం మొదలుపెట్టాయి. కంచం ముందు కూర్చున్నా వేళ్లు అన్నాన్ని మట్టిలా పిసికేవి. ఒకరోజు భార్య మేకపోతు కథ ఎత్తుకుంటే, తెలుసులే అన్నాడు. ఆమె మళ్లీ ఎత్తుకోలేదు.

ఒక మిట్టమధ్యాహ్నం కుమ్మరి సారె ముందే కూలబడ్డాడు. ఒళ్లు కాలిపోతోంది. భార్య గబగబా కుండలోంచి నీళ్లు ముంచి నోటికి అందించింది. అతను ఒక గుక్క తాగి ఉమ్మేశాడు.

“కాగిన నీళ్లిచ్చావేంటే?”

“నీ కుండలోయే మావా. నిన్న పొద్దున పోశాను.”

ఇంకో కుండ చూడమన్నాడు. అవీ అలాగే ఉన్నాయి. వాకిలి నిండా కుండలున్న ఇంట్లో గుక్కెడు చల్లటి నీళ్లు లేవు. ఆమె పక్కింటి ముసలమ్మ దగ్గరికి పరుగెత్తి చెంబుతో తెచ్చింది. ఆ నీళ్లు గొంతు దిగుతుంటే అతనికి ప్రాణం లేచొచ్చింది. ఎవరు చేసిన కుండ అని అడిగాడు.

చెంబు వెనకే వచ్చిన ముసలమ్మ అంది: “నువ్వు చేసిందే నాయనా. నీ పెళ్లయిన ఏడు.”

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. మట్టిలో కలిపిన ఊక ఆవంలో కాలిపోతుంది. అది ఉన్నచోట కంటికి కనపడని ఖాళీ మిగులుతుంది. కుండ ఊపిరి పీల్చేది ఆ ఖాళీలోంచే, నీళ్లు చల్లబడేదీ అందుకే. ఇది తాత చెప్పిన మాట. ఎండలో నడిచొచ్చి చలివేంద్రాల్లో కాగిన నీళ్లు తాగుతున్న వాళ్లందరూ అతని కళ్లముందు నిలిచారు. కుమ్మరి భార్య ఒడిలో మొహం దాచుకుని ఏడ్చాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. జ్వరం తగ్గింది గాని చేతులు మునుపటిలా లేవు. సారె మీద మట్టి పలచనైందో మందమైందో అరచేతులు చెప్పడం మానేశాయి. ఎత్తిన కుండ ఎత్తినట్టే ఒరిగిపోయేది. ఆవాలు మూడూ ఆగిపోయాయి.

పందిరి కింద జల్లెడ మళ్లీ పడింది. ఈసారి అతనే అడిగాడు, ఆ మేకపోతు కథ చెప్పమని. ఆమె సంతోషంగా మొదలుపెట్టింది. మేకపోతు పెళ్లివారి పందిట్లోకి దూరేదాకా వచ్చి ఆగిపోయింది.

“ఆ తరవాత ఏమైందో గుర్తు రావట్లేదు మావా. చెప్పి చానాళ్లయింది కదా.”

వందసార్లు విన్నవాడు, తనైనా అందిద్దామనుకున్నాడు. ఎంత తలుచుకున్నా తన నవ్వే గుర్తొచ్చింది గాని, ఎందుకు నవ్వేవాడో గుర్తు రాలేదు.

మరుసటి వేసవికి అధికారి ఖాళీ బళ్లతో వచ్చాడు. చలివేంద్రాల దగ్గర ఎవరూ ఆగడం లేదనీ, పాతరకం కుండలు కావాలనీ, ఎప్పుడిస్తావనీ అడిగాడు.

“ఆవం ఇంకా చల్లారలేదండీ,” అన్నాడు కుమ్మరి, ఊక జల్లిస్తూనే.

అధికారి అటు చూశాడు. మూడు ఆవాల మీదా గడ్డి మొలిచి ఉంది. ఒకదాంట్లో కోడి గుడ్లు పొదుగుతోంది. ఏ ఆవం గురించి చెబుతున్నాడో అతనికి అంతుపట్టలేదు.

భార్య చెయ్యి చాచి కుమ్మరి అరచేతిని తన అరచేతిలోకి తీసుకుంది. కాసేపు అలాగే పట్టుకుని చూసింది.

“ఇంకా వేడిగానే ఉంది బాబూ,” అంది. “మళ్లీ రండి.”