ఎడమ క్రాంక్

సైకిల్ పందేలకు శిక్షణ ఇచ్చే నీలవేణి మేడమ్‌కు ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పరు. ముందు చేతికి పని పెడతారు.

ఆ బుధవారం ఉదయం సింహాచలం ఘాట్ రోడ్డు మొదట్లో ఆమె శిష్యురాలు హైమావతి అడిగింది. "మేడమ్, లోపం నాలో ఉందో, బండిలో ఉందో ఎలా తెలుస్తుంది?"

ఆదివారం రాష్ట్ర జట్టు ఎంపిక. దసరా తర్వాత నుంచి హైమ ఎత్తు ఎక్కేటప్పుడు వెనకబడుతూనే ఉంది. ఎడమ పెడల్ కిందికి దిగినప్పుడల్లా టక్కుమని చప్పుడు. గొలుసు మార్చింది, పెడళ్లు మార్చింది, చప్పుడు పోలేదు. చివరికి తన ఎడమ కాలే బలహీనమని నమ్మి, ఎంపికకు రానని చెప్పేయడానికే వచ్చింది.

"సీటు మీంచి లేచి తొక్కు," అన్నారు మేడమ్.

తొక్కింది. చప్పుడు ఆగలేదు.

"అయితే సీటుది కాదు. దిగు. రెండు క్రాంకులూ పట్టుకుని పక్కకు ఊపు."

పెడళ్లను ఇరుసుకు కలిపే ఆ రెండు కడ్డీలనూ పట్టుకుని హైమ ఊపింది. "ఊగుతోంది మేడమ్. బేరింగ్ పోయిందేమో."

"రెండూ కలిసి ఊగితే బేరింగ్. కుడిదాన్ని కదలనివ్వకుండా పట్టుకుని మళ్లీ చూడు."

కుడిది నిలిచింది. ఎడమది ఒక్కటే ఊగింది.

"అంటే నా కాలు కాదు, బండే," అంటూ హైమ అలెన్ కీ తీసి బలమంతా పెట్టి బోల్ట్ బిగించింది. మేడమ్ ఆపలేదు, ఓసారి ఎక్కి రమ్మన్నారు. మొదటి మలుపు దాకా చప్పుడు లేదు. రెండో మలుపులో మళ్లీ మొదలైంది.

వెనక్కి వచ్చాక ఎడమ క్రాంక్ ఊడదీయించారు. ఇరుసు చివర చదరంగా, అంచులు చెదరకుండా ఉంది. దాని మీద కూర్చోవలసిన క్రాంక్ రంధ్రం మాత్రం మూలలరిగి గుండ్రంగా అయిపోయింది.

"ఆయుధపూజకు బండి విప్పి కడిగిందెవరు?"

"నేనే మేడమ్."

"తిరిగి బిగించింది?"

"నేనే. ముహూర్తం దాటిపోతోందని మా అమ్మ ఒకటే తొందర..."

"చక్రం కింద నిమ్మకాయ పెట్టడం మాత్రం మరిచిపోలేదు. బోల్ట్ సంగతి అమ్మవారికి వదిలేశావు. పోనీ, అది ఒక్క పూట తప్పు. చప్పుడు విన్నాక కూడా ఇన్నాళ్లు తొక్కావే, రంధ్రాన్ని తినేసింది అదీ. ఇక ఎంత బిగించినా నిలవదు."

హైమ తల దించుకుంది. "అయితే లోపం నాదేనా మేడమ్?"

మేడమ్ విననట్టే తన సైకిల్ దగ్గరికి వెళ్లి, దాని ఎడమ క్రాంక్ విప్పి, గుడ్డతో తుడిచి ఆమె చేతికిచ్చారు. "ఆదివారం దాకా నేను నడుస్తాను."

హైమ దాన్ని ఇరుసు మీద కూర్చోబెట్టింది. ఈసారి బలం చూపించలేదు, బిగింపును కొలిచే రెంచి అడిగి తీసుకుంది. బిగించాక, ఎవరూ చెప్పకుండానే కుడి క్రాంక్ పట్టుకుని ఎడమదాన్ని ఊపి చూసింది. కదల్లేదు.

"ఇప్పుడు బండి ఊగడం లేదు," అన్నారు మేడమ్. "ఇంకా ఊగేదేదైనా ఉంటే పై మలుపులో తెలుస్తుంది. ఎక్కు."