ఎర్రబండిలో పోయిన బుల్లెమ్మత్త

ఉప్పలగరువులో తెలివైనవాళ్ళ ఇల్లు ఏదని ఎవరైనా అడిగితే వీరవల్లివారు తమ ఇంటికేసే చెయ్యి చూపించేవారు. ఊళ్ళో ఇంకెవరూ చూపించరు కాబట్టి ఆ పని వాళ్ళే చేసుకునేవారు.

"మన ఇంట్లో ఒక గుణం ఉందిరా," అనేవాడు పెద్దవాడు గంగరాజు మీసం దువ్వుకుంటూ. "ఎదుటివాళ్ళు ఏ మాట చెబితే ఆ మాటే చేస్తాం. ఒక గింజ ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. ఈ ఊరి జనానికి ఒకటి చెబితే ఇంకోటి చేస్తారు. అందుకే బాగుపడలేదు."

ఆ గుణంలో రెండోవాడు వీరభద్రం అన్నని మించినవాడు. ఒకసారి మాఘమాసంలో వదిన మహలక్ష్మి పెరట్లో బట్టలారేసి, "వానొస్తే తీసెయ్యి వీరభద్రం," అని చెప్పింది. అంతే. మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది, చైత్రం, వైశాఖం కూడా పోయాయి. బట్టలు తీగమీదే ఉన్నాయి. ఇంటిల్లిపాదీ కట్టుబట్టలతో గడిపారు. జ్యేష్ఠంలో తొలి చినుకు పడీ పడగానే వీరభద్రం ఒక్క పరుగున వెళ్ళి, పేలికలైపోయిన బట్టలన్నీ తెచ్చి వదిన చేతిలో పెట్టాడు.

"ఒక్కటంటే ఒక్కటి తడవలేదు, చూశారా!" అని మహలక్ష్మి కళ్ళొత్తుకుంది.

మూడోవాడు సత్తిపండు. ముప్పై ఏళ్ళు వచ్చినా ఇంకా అన్నల దగ్గర తెలివి నేర్చుకుంటూనే ఉన్నాడు.

వీళ్ళ సావిట్లో ఒక కారుండేది. పొడుగాటి ముక్కు, రెండే సీట్లు, పైన కప్పు లేదు. ఒకప్పుడు పందేల్లో పరిగెత్తిన బండి. వీళ్ళ తాత పేర్రాజు ఒక జమీందారు దగ్గర డ్రైవరుగా చేస్తే, ఆ జమీందారు పోతూ పోతూ దాన్ని తాత చేతిలో పెట్టాడు. తాత పోతూ కూతురు బుల్లెమ్మకి రాసిచ్చాడు. ముప్పై ఏళ్ళుగా అది కదల్లేదు. సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టాయి, చక్రాల కింద పిల్లి ఈనింది. అయినా గంగరాజు రోజూ నిద్రలేవగానే తన తువ్వాలుతో దాని ముక్కు తుడిచి, అప్పుడే తన మొహం కడుక్కునేవాడు. ఊళ్ళో అందరూ దాన్ని ఎర్రబండి అనేవారు. గంగరాజు మాత్రం ఎప్పుడూ "మా బండి" అనే అన్నాడు.

ఒకరోజు పక్క వీధిలోంచి బుల్లెమ్మత్త వచ్చింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. కొంగుకి బండి తాళం కట్టుకుని ఉంది. మీట తిప్పితే నడిచే బండికి ఆ తాళంతో పని లేకపోయినా, తాళం ఎవరి దగ్గరుంటే బండి వాళ్ళదే.

"ఒరే గంగా! మా ఆయన తమ్ముడి కొడుకు తునిలో హోటలు పెట్టాడు. ఈ బండి ఇమ్మంటున్నాడ్రా. గుమ్మం ముందు నిలబెట్టి, లోపల మట్టి పోసి, బంతిమొక్కలు వేస్తాట్ట."

గంగరాజు పరుగున వెళ్ళి బండికి అడ్డం నిలబడ్డాడు. "బంతిమొక్కలా! మా బండిలోనా!"

"కదలని బండి ఇంకెందుకురా మరి? నాకు పదహారేళ్ళప్పుడు రథసప్తమి తెల్లారగట్ల మా నాన్న నన్నిందులో సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి పొడిచే సూర్యుణ్ణి చూపించాడు. ఇంకో నెలరోజుల్లో రథసప్తమి ఉంది. అలా నన్ను తీసుకెళ్ళి తీసుకొచ్చావా, ఈ తాళం నీది. లేదా, బంతిమొక్కలే."

ఆ రోజు గంగరాజుకి అన్నం సయించలేదు. అన్నదమ్ములు కూర్చుని తాత రాసి పెట్టుకున్న పుస్తకం తెరిచారు. మొదటి పేజీలో మొదటి మాటే ఇలా ఉంది: "ఈ బండిని కన్నబిడ్డలా చూసుకోవాలి."

"ఇదా సంగతి! ఇన్నాళ్ళూ మనం దీన్ని బండిలా చూశాం. అందుకే అలిగింది," అన్నాడు వీరభద్రం.

పిల్లల పెంపకం మహలక్ష్మికి తెలిసిన విద్య. ఇంకేముంది! ఎర్రబండికి నువ్వులనూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టి, కుంకుడురసంతో తలంటింది. ముక్కు మూతలో నీళ్ళు పోకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది గానీ బిందెడు నీళ్ళూ ఇంజనులోకే పోయాయి. సాంబ్రాణి పొగ వేసింది. ముందు దీపాలు రెండింటికీ ఒత్తుగా కాటుక పెట్టింది. ముక్కుమీద దిష్టిచుక్క కూడా పెట్టి కాసేపు మురిసిపోయింది.

"ముప్పై ఏళ్ళుగా బిడ్డకి విరేచనం లేదండీ," అంది మొగుడితో. "కడుపు గట్టిపడి కదల్లేకపోతోంది."

అంతే. సత్తిపండు పెట్రోలు పోసే మూత తీసి పట్టుకున్నాడు. మహలక్ష్మి ఉగ్గుగిన్నెతో గిన్నె తర్వాత గిన్నె, వీశెడు ఆముదం పట్టించింది. "మా తల్లే! మా బంగారమే! గుటుక్కున మింగేయాలి!" అంటూ బుజ్జగించింది కూడా. తర్వాత నలుగురూ బండి వెనకాల గోనెపట్టా పరిచి మూడు రోజులు కనిపెట్టుకుని కూర్చున్నారు. ఏమీ కాలేదు.

నాలుగో రోజున అమలాపురం నుంచి ఖాదర్ మేస్త్రిని పిలిపించారు. పాతబండ్ల పనిలో అందె వేసిన చెయ్యి ఆయనది. ట్యాంకులో పుల్ల ముంచి వాసన చూసి, ఇల్లంతా ఒకసారి కలియజూశాడు.

"ఇందులో ఆముదం ఎవరు పోశారమ్మా?"

"నేనే పోశాను బాబూ. తక్కువైందంటారా?"

ఖాదర్ మేస్త్రి బీడీ వెలిగించబోయి, ఎందుకొచ్చిన గొడవని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. రెండు వారాలపాటు రోజూ వచ్చి ట్యాంకు కడిగాడు, ఇంజను విప్పాడు, తుప్పు గోకాడు, కొత్త గొట్టాలు వేశాడు. ఒకరోజు చక్రాలు తగిలించి, "నేను భోంచేసి వస్తా. ఈలోగా ఈ బోల్టులు బిగించండి. మరీ బిగుతుగా ఉండకూడదు, మరీ వదులుగానూ ఉండకూడదు," అని చెప్పి వెళ్ళాడు.

"బిగుతుగా ఉండకుండా నేను విప్పుతుంటాను," అన్నాడు వీరభద్రం.

"వదులుగా ఉండకుండా నేను బిగిస్తుంటాను," అన్నాడు సత్తిపండు.

ఇంకేముంది, ఒకే బోల్టుకి రెండు పానాలు తగిలించి ఇటువాడు ఇటూ అటువాడు అటూ లాగడం మొదలుపెట్టారు. ఒకడు అర అంగుళం గెలిస్తే రెండోవాడు అర అంగుళం లాక్కుంటాడు. మధ్యలో గంగరాజు వంగి చూస్తూ, "అదీ! సరిగ్గా మధ్యలో ఉంది! వదలకండి!" అని హుషారెక్కిస్తున్నాడు. మేస్త్రి భోంచేసి వచ్చేసరికి బోల్టు రెండు ముక్కలై చెరొకడి చేతిలోనూ ఉంది. తమ్ముళ్ళిద్దరూ చెమటలు కక్కుతున్నారు.

"మరీ బిగుతుగా లేదండి మేస్త్రిగారూ, మరీ వదులుగానూ లేదు," అన్నాడు సత్తిపండు రొప్పుతూ.

తర్వాత రంగు వేశాడు మేస్త్రి. అద్దంలా మెరిసే ఎరుపు. వెళ్తూ వెళ్తూ వేలు చూపించి మరీ చెప్పాడు. "రంగు ఆరేదాకా దీనిమీద ఈగ కూడా వాలకూడదు. ఈగ వాలిందా, నేను మళ్ళీ రాను."

అన్నదమ్ములు బాగా ఆలోచించారు. ఈగని తోలితే మళ్ళీ వస్తుంది. దానికి బండికంటే ఇష్టమైనదేదో చూపిస్తే బండి జోలికి రాదు. అంతే. సత్తిపండుని గోచీతో నిలబెట్టి, నెత్తి నుంచి పాదాల దాకా బెల్లం పాకం పూశారు. ఊళ్ళో ఈగలన్నీ సత్తిపండుమీదే వాలాయి. గంగరాజు సంతోషానికి మేర లేదు. ఈగల వెనక చీమలొచ్చాయి. చీమల వెనక కందిరీగలొచ్చాయి. సత్తిపండు ఓర్చుకున్నాడు, ఓర్చుకున్నాడు, ఇక ఓర్చుకోలేక "బాబోయ్!" అని ఒక్క గెంతు గెంతి బండిని కావిలించుకున్నాడు. అతుక్కుపోయాడు. మిగతా ముగ్గురూ పట్టి లాగితే ఊడివచ్చాడు గానీ, తలుపుమీద సత్తిపండు మొత్తం దిగిపోయాడు. చెవులతో సహా.

"ఈగ మాత్రం వాలలేదన్నయ్యా," అన్నాడు వాచిన పెదాలతో.

గంగరాజు తమ్ముడి భుజం తట్టాడు. మేస్త్రి మాత్రం నెత్తి కొట్టుకున్నాడు. అయినా చేతి పని సగంలో వదిలే మనిషి కాదు. మళ్ళీ గోకి, మళ్ళీ రంగు వేశాడు. "పండక్కి ఇంకా వారం ఉంది. నేను ముందురోజు సాయంత్రం వచ్చి ఇంజను తిప్పి చూస్తా. అప్పటిదాకా గాలీ ధూళీ సోకకుండా నాలుగు వైపులా మూసి ఉంచండి," అన్నాడు. "దుప్పటి చాలు," అనబోయాడు గానీ, "దుప్పటి" అనేసరికే బస్సు వచ్చేసింది, ఎక్కేశాడు.

రథసప్తమి ముందురోజు సాయంత్రం మేస్త్రి వచ్చేసరికి సావిడి లేదు. దాని చోట ఇటుకలతో కట్టిన పెద్ద పెట్టె ఉంది.

"బండేది?"

"లోపలుంది," అన్నాడు గంగరాజు గర్వంగా. "దుమ్ము రేణువు కూడా పోదు."

"తలుపేదండీ?"

"నాలుగు వైపులా మూయమన్నారు కదా మేస్త్రిగారూ! తలుపు పెడితే మూడున్నర వైపులే అవుతాయి. ఆమాత్రం లెక్క తెలియదా మాకు?"

మేస్త్రి గునపం తెచ్చుకుని తనే గోడ పగలగొట్టాడు. సాయం పట్టమంటే ఏం చేస్తారోనని ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. తీరా పెట్రోలు పోసి తిప్పేసరికి ఇంజను దగ్గింది, తుమ్మింది, గర్రుమని అందుకుంది. గంగరాజు అక్కడే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు.

"పొద్దున చలికి మొరాయిస్తే ముగ్గురు మనుషులు వెనకనుంచి తొయ్యాలి. ఇద్దరు చాలరు. అంతే, ఇంక దీనికి తిరుగులేదు," అని చెప్పి ఆఖరి బస్సుకి వెళ్ళిపోయాడు.

తెల్లారగట్ల బుల్లెమ్మత్త తలంటుకుని, పట్టుచీర కట్టుకుని వచ్చింది. గాలికి ఎగిరిపోతుందని కళ్ళజోడు తీసి బొడ్డున దోపుకుంది. గంగరాజు పక్క సీట్లో దర్జాగా కూర్చుంది.

"ఒరే, ముందుకే చూడు. పక్కకి చూశావంటే ఇద్దరం కాలవలో ఉంటాం. నేను ఆపమనేదాకా ఆపకు."

"అలాగేనత్తా," అన్నాడు గంగరాజు. ఆ క్షణం నుంచి మెడ కదపలేదు.

ఇంజను మొరాయించింది. వీరభద్రం, సత్తిపండు తలలు వంచి వెనకనుంచి తోశారు. కదల్లేదు. మూడో మనిషి కావాలి. మహలక్ష్మి చూస్తే తూర్పుముఖంగా పిడకలమీద పరమాన్నం పెట్టి కూర్చుంది, పొంగేదాకా లేవకూడదు. తూర్పు తెల్లబడుతోంది. బుల్లెమ్మత్తకి ఒళ్ళు మండింది. గబగబా దిగి, వెనక్కి వెళ్ళి, తనూ ఒక చెయ్యి వేసి తోసింది.

అంతే! బండి గర్రుమని అందుకుంది, తూనీగలా వెళ్ళిపోయింది.

"కదిలిందిరా! మా నాన్న బండి కదిలిందిరా!" అని బుల్లెమ్మత్త చప్పట్లు కొట్టింది. తమ్ముళ్ళిద్దరూ చప్పట్లు కొట్టారు.

గంగరాజు రోడ్డుమీదనుంచి చూపు తిప్పలేదు. దారి పొడుగునా కబుర్లు చెబుతూనే ఉన్నాడు. "చలిగా ఉందా అత్తా? కొంగు కప్పుకో. అదిగో సరుగుడు తోపు. అదిగో సముద్రం!" అత్త ఆపమనలేదు. అందుకని ఆపలేదు. ఒడ్డున గట్టి ఇసకలో చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఎర్రటి సూర్యుడు నీళ్ళలోంచి లేచాడు. గంగరాజు ముందుకే చూస్తూ కేకేశాడు. "చూశావా అత్తా! తాత చూపించినట్టే ఉందా?" అత్త పలకలేదు. సంతోషంతో మాట రావడం లేదు కాబోలు అనుకున్నాడు. పదకొండు చుట్లు తిరిగి ఇంటిముఖం పట్టాడు.

ఇంటికొచ్చినా ఆపలేదు. ఇల్లు చుట్టి ఒకసారి, రెండుసార్లు తిరిగాడు. మూడోసారి వాకిట్లో ఉన్న బుల్లెమ్మత్త కేకేసింది. "ఒరే, ఆపరా! పరమాన్నం చల్లారిపోతోంది!"

అత్త ఆపమంది. గంగరాజు ఆపేశాడు. అప్పుడు పక్కకి తిరిగి చూశాడు. సీటు ఖాళీ.

"అయ్యో! అత్త లేదు!"

"ఎవరు లేరురా?" అంది బుల్లెమ్మత్త.

"నువ్వే అత్తా! నా పక్కన కూర్చున్నావు కదా!"

బుల్లెమ్మత్త గుండెలు బాదుకుంది. "కూర్చున్నానురా! నాకు బాగా గుర్తు. తర్వాత ఏమైపోయానో!"

"ఎక్కడం నేను కళ్ళారా చూశాను. దిగడం ఎవరైనా చూశారా?" అన్నాడు వీరభద్రం.

"మేం తలొంచుకుని తోస్తున్నాం," అన్నాడు సత్తిపండు. "నువ్వు చూశావా అత్తా?"

"కళ్ళజోడు లేదు కదురా, నేనేం చూస్తాను!"

"అయితే ఎక్కిన మనిషి దిగలేదు," అన్నాడు గంగరాజు. "బండిలోనే ఎక్కడో జారిపోయి ఉంటుంది. విప్పండిరా!"

ఇంకేముంది! సీట్లు పీకారు. చక్రాలు ఊడదీశారు. ట్యాంకు విప్పి లోపలికి "అత్తా!" అని పిలిచారు. ఇంజను దింపి, మరలు ఒక్కొక్కటీ విడదీసి చాపలమీద పరిచారు. పక్కనే నించున్న బుల్లెమ్మత్త, "గట్టిగా లాగకండిరా, నాకసలే మోకాళ్ళ నొప్పులు! నన్ను వెతికి పెట్టినవాడిదేరా ఈ తాళం!" అని ఏడుస్తోంది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి బండి అనేదే లేదు. ఆఖరికి తలుపుకున్న గుండ్రటి అద్దం ఒక్కటి మిగిలింది. గంగరాజు మర విప్పి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అతని భుజంమీంచి బుల్లెమ్మత్త కళ్ళజోడు పెట్టుకుని తొంగి చూసింది.

"ఇక్కడున్నానర్రా!" అని కెవ్వుమంది.

అందరూ మూగారు. నిజమే. అత్త క్షేమంగా ఉంది. "ఇంత చిన్న చోట ఎలా పట్టావత్తా!" అని సత్తిపండు ముక్కుమీద వేలేసుకున్నాడు. బుల్లెమ్మత్త కొంగు ముడి విప్పి, తాళం గంగరాజు చేతిలో పెట్టింది.

"నన్ను సముద్రం దాకా తీసుకెళ్ళి క్షేమంగా తెచ్చావు. బండి నీదేరా!"

గంగరాజు తాళం కళ్ళకద్దుకున్నాడు. చాపలమీద పరిచి ఉన్న తన బండిని చూసుకుని పొంగిపోయాడు.

"అయ్యో, పొద్దుటినుంచీ ఏమీ తినలేదు పిచ్చితల్లి," అంటూ మహలక్ష్మి పరమాన్నం గరిటెతో తెచ్చి, అద్దంలో కనిపిస్తున్న అత్త నోటికి పెట్టింది. అద్దమంతా పరమాన్నం అలుక్కుపోయింది.

వీరభద్రం వంగి చూశాడు. అత్త లేదు.

"అన్నయ్యా! అత్త మళ్ళీ పోయింది!"

బండిలో విప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. ఇంకేముంది, నిచ్చెన తెచ్చుకుని ముగ్గురు అన్నదమ్ములూ పైకెక్కి ఇంటి పెంకులు తీయడం మొదలుపెట్టారు. కింద నిలబడి ఒక్కొక్క పెంకే అందుకుంటూ, "అటు మూలన కూడా చూడండర్రా," అంటోంది బుల్లెమ్మత్త.