పండగ దాకా ఆగిన వేలం

నరసాపురంలో గవర్రాజు అనే లేసుల వ్యాపారి ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, ఎంత ధర పలికినా తృప్తి లేక, ఇంకాస్త ఆగితే ఇంకాస్త వస్తుందని చేతిలోది వదలకుండా కూర్చునేవాడు.

ఈ బుద్ధి అతనికి పూల కొట్లో అబ్బింది. వాళ్ళ నాన్న బజార్లో పూలు అమ్మేవాడు. పండగ ముందురోజు ఎవరూ పట్టించుకోని బంతిపూలు, తెల్లారేసరికి మూడింతలు పలికేవి. ముందురోజే తొందరపడి అమ్ముకున్న పక్క కొట్టువాళ్ళను చూసి చిన్నప్పటి గవర్రాజు పకపకా నవ్వేవాడు. పెద్దయ్యాక పూలు మానేసి లేసుల్లోకి దిగాడు. ఊళ్ళో ఆడవాళ్ళు అల్లిన లేసు తెచ్చి, ఫోనులో వేలానికి పెట్టి, దేశదేశాలకూ పంపేవాడు. వేలం ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ముగించాలో అంతా అతని ఇష్టమే. ప్యాక్ చేసి, చిరునామాలు రాసి, పోస్టాఫీసుకు మోసుకెళ్ళేది మాత్రం భార్య సత్యవేణి.

ఒక ఏడాది నవంబరు మొదట్లో కరుణమ్మ వాళ్ళింటికి వచ్చింది. ఆ చుట్టుపక్కల లేసు అల్లడంలో ఆమె అంత పనిమంతురాలు లేదు. వేసవిలో మొదలుపెట్టి దసరా వెళ్ళాక పూర్తిచేసిన టేబుల్ క్లాత్ ఒకటి సంచిలోంచి తీసి మంచం మీద పరిచింది. అంచు చుట్టూ ద్రాక్షగుత్తులు, నడుమ పెద్ద నక్షత్రం. ఇంటిల్లిపాదీ కూర్చునే పెద్ద బల్లకు నిండుగా సరిపోతుంది. సత్యవేణి చేతులు కడుక్కొచ్చి మరీ దాన్ని ముట్టుకుంది.

"క్రిస్మస్ విందుకని అల్లాను బాబూ," అంది కరుణమ్మ. "మా ఇంట్లో బల్ల ఎక్కడిది, చాప మీదే తింటాం. కానీ అల్లినన్నాళ్ళూ ఎవరో పెద్ద కుటుంబం దీని చుట్టూ కూర్చుని అన్నం తింటున్నట్టే ఉండేది నాకు. పండక్కి వాళ్ళింటికి చేరిపోవాలి. ఆ ఒక్కటీ చూడు, నీకు పుణ్యముంటుంది."

"నేను చూసుకుంటాగా! నువ్వు బెంగపెట్టుకోకు కరుణమ్మా," అన్నాడు గవర్రాజు. మాట ఇచ్చేయడానికి అతను ఏనాడూ వెనకాడేవాడు కాదు. కరుణమ్మ సంతోషంగా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే ఫొటోలు తీసి వేలానికి పెట్టాడు. మొదటి ధర చాలా తక్కువ పెట్టాడు. తక్కువ కనిపిస్తేనే జనం మూగుతారు, మూగితే పోటీ పుడుతుంది, పోటీ పుడితే ధర దానంతటదే ఎక్కుతుంది. ఇంతవరకూ అతని తెలివి బాగానే ఉంది. చిక్కంతా ముగింపు రోజు దగ్గర వచ్చింది. డిసెంబరు ఇరవై నాలుగు సాయంత్రానికి వేలం ముగిసేట్టు పెట్టాడు మహానుభావుడు!

అది చూసి సత్యవేణి బుగ్గలు నొక్కుకుంది. "ఏవండీ, ఇరవై నాలుగున పాట ముగిస్తే పండక్కి ఎలా చేరుతుందండీ? రెక్కలు కట్టి పంపిస్తారా?"

"నీకు వ్యాపారం తెలీదే. పండగ దగ్గరపడేకొద్దీ మనిషికి ఆత్రం పెరుగుతుంది. మా నాన్న కొట్లో చూడలేదూ?"

"పూలు కొన్నావిడ బుట్టలో వేసుకుని ఆ వీధి తిరిగితే ఇంట్లో ఉండేది. ఇది సముద్రాలు దాటాలి. ఎంత లేదన్నా మూడు వారాలు పడుతుందండీ."

"చాల్లే, నువ్వూ నీ పోస్టాఫీసూ!" అని గవర్రాజు కొట్టిపారేశాడు.

మొదట్లో అతని మాటే నిజమవుతుందేమో అనిపించింది. నవంబరు నెలాఖరుకు పాట జోరందుకుంది. ఒకరు పెంచితే ఇంకొకరు పెంచారు. అంతవరకూ అతని సరుకు ఏదీ ఎక్కనంత ధరకు ఆ టేబుల్ క్లాత్ ఎక్కింది. గవర్రాజు అన్నం తింటూ కూడా ఫోను వంకే చూస్తుండేవాడు.

అప్పుడు ఆ పాట పాడుతున్నవాళ్ళలో హెలెన్ అనే ఆవిడ దగ్గర్నుంచి ఒక సందేశం వచ్చింది. ఆమెది ఎక్కడో చలిదేశం. "మా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ చాలా ఏళ్ళ తర్వాత ఈ క్రిస్మస్‌కి ఒక్కచోట కలుస్తున్నారు. వాళ్ళకు మా ఇంట్లోనే భోజనం. ఆ బల్ల మీద ఈ ద్రాక్షగుత్తులు ఉండాలని నా కోరిక. ఇప్పుడున్న పాటకు రెట్టింపు ఇస్తాను. దయచేసి ఈ వారమే వేలం ముగించండి, లేకపోతే నాకు చేరదు" అని రాసింది.

సత్యవేణి మొహం వెలిగిపోయింది. "కరుణమ్మ కోరుకున్న ఇల్లు ఇదేనండీ! ఇంకేం ఆలోచిస్తారు? ఇచ్చేయండి."

గవర్రాజు కూడా ఒక్క క్షణం ఇచ్చేద్దామనే అనుకున్నాడు. కరుణమ్మకిచ్చిన మాట గుర్తొచ్చి మనసు కాస్త మెత్తబడింది. కానీ పాడు ఆశ ఊరుకుంటుందా? ఇప్పుడే రెట్టింపు ఇస్తానంటున్న మనిషి పండగ ముందురోజు ఇంకెంత ఇస్తుందో అనిపించింది. వేలం తేదీ మార్చడం అతని చేతిలో పనే. అయినా "తేదీ మార్చడం కుదరదండీ" అని అబద్ధం రాసి పంపాడు.

హెలెన్ మళ్ళీ బతిమాలలేదు. చివరి వారం వచ్చేదాకా పాట వెనక్కి తీసుకునే వీలు ఆ వేలంలో ఉంది. ఆమె తన పాట వెనక్కి తీసుకుంది. డిసెంబరు నడిమికి వచ్చేసరికి, సరుకు పండక్కి అందదని తెలుసుకుని మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఎక్కిన ధర ఎక్కినట్టే దిగిపోయింది.

"ఇప్పటికైనా వేలం ఆపేయండి. పండగ వెళ్ళాక మళ్ళీ పెడదాం," అంది సత్యవేణి.

"పోయేవాళ్ళు పోనీ. అసలు గిరాకీ ఆఖరి రోజునే," అన్నాడు గవర్రాజు. గొంతులో మాత్రం మునుపటి ధీమా లేదు. చివరి వారం మొదలయ్యాక ఇక వేలం ఆపడం కూడా కుదరలేదు.

ఇరవై నాలుగు సాయంత్రం ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. వీధిలో పిల్లలు పాటలు పాడుతూ వెళ్తున్నారు. చర్చి వైపు కొత్త బట్టలు కట్టుకున్న జనం నడిచిపోతున్నారు. గవర్రాజు వాళ్ళ వంక చూశాడు, ఫోను వంక చూశాడు. వాళ్ళలో ఒక్కరి చేతిలోనూ ఫోను లేదు. అప్పుడు తట్టింది అతనికి: తను ఎదురుచూస్తున్న వాళ్ళు కూడా తమ తమ ఊళ్ళలో ఇలాగే చర్చిలోనో, వంటింట్లోనో, తమవాళ్ళ మధ్యనో ఉంటారు. పండగ వెళ్ళిపోయాక వచ్చే గుడ్డ కోసం ఇవాళ ఎవరు పోటీపడతారు? తట్టి ఏం లాభం, అప్పటికే సమయం అయిపోయింది. మొదటి ధర మీద పిసరంత ఎక్కువ పెట్టిన ఒకే ఒక్క మనిషికి సరుకు దక్కింది.

ఇల్లయినా మంచిదైతే చాలని ఆశపడి, "ఏ విందుకు కొన్నారండీ?" అని అతన్ని అడిగాడు గవర్రాజు.

"విందు కాదు. నేను లేసు ముక్కల వ్యాపారిని. పండగ సాయంత్రం ఎవరూ పాడరు, అందుకే ఆ పూటే కొంటాను. ఆ గుత్తులు కత్తిరించి పర్సుల మీద కుట్టి అమ్ముతాను" అని జవాబు వచ్చింది.

వేలం రద్దు చేసుకోమని గవర్రాజు బతిమాలాడు. అతను ఒప్పుకోలేదు. టేబుల్ క్లాత్ మడతపెడుతున్నంతసేపూ సత్యవేణి కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

కొత్త సంవత్సరం నాడు కరుణమ్మ పళ్ళెంలో కేకు ముక్కలు పట్టుకుని వచ్చింది. "చేరిందా బాబూ? ఎంతమంది కూర్చున్నారట?" అని గుమ్మంలోంచే అడిగింది.

గవర్రాజు నోటి దాకా అబద్ధం వచ్చింది. ఆమె మొహం చూసి చెప్పలేకపోయాడు. ఒప్పుకున్న కూలి మొత్తం ఆమె చేతిలో పెట్టి, జరిగిందంతా తలదించుకుని చెప్పాడు.

"కత్తిరించేస్తారా?" అంది కరుణమ్మ. కేకు పళ్ళెం గుమ్మం పక్కన దించింది. తర్వాత మెల్లగా, "నా కూలికి నువ్వు తక్కువ చెయ్యలేదు బాబూ. ఆ ఇల్లాలు అంత అడిగినా దాన్ని ఆవిడ దగ్గరికి చేరనివ్వలేదే, అదీ నా ఏడుపు," అంది. సత్యవేణి వైపు తిరిగి, "అమ్మా, ఇకమీదట నా అల్లిక నీ చేతికే ఇస్తాను. ఎప్పుడు అమ్మాలో నువ్వే చూడు," అంది.

గవర్రాజు కాదనలేదు. కాదనడానికి అతనికి మొహం చెల్లలేదు. ఆ రోజు నుంచి వేలం తేదీలు సత్యవేణే పెట్టేది, అతను పార్సిళ్ళు మోసేవాడు.

పిల్లలూ, అమ్మకానికి మంచి సమయం ఏదో మన ఆశను అడిగితే తెలియదు, కొనేవాళ్ళ అవసరాన్ని అడగాలి. ఆ అవసరం దాటిపోయేదాకా సరుకు పట్టుకుని కూర్చున్నవాడు ధరతోపాటు తనను నమ్మినవాళ్ళ నమ్మకాన్ని కూడా పోగొట్టుకుంటాడు.