ఎవరు రాస్తారు మీకు?

వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మెయిల్ సర్వర్ చూసే ఖాదర్‌వలీ గారికి ఒక అలవాటు ఉండేది. కొత్తగా చేరిన ఉద్యోగి మెయిల్‌బాక్స్ కావాలని వస్తే, ఎంత చోటు కావాలని ఆయన అడిగేవారు కాదు. ఎదురుగా కూర్చోబెట్టి, "మీకు ఎవరు రాస్తారు?" అని అడిగేవారు. జవాబు విన్నాక ఆ బాక్సుకు గడువు పెట్టేవారు. గడువు దాటిన ఉత్తరం దానంతటదే చెరిగిపోతుంది. వంగడాల శాస్త్రవేత్తల బాక్సులకు అసలు గడువే లేదు. బస్సు వేళలు, క్యాంటీన్ సంగతులు వచ్చే బాక్సు వారం తిరగకుండా ఖాళీ అయ్యేది. ప్రతి బాక్సుకూ విడిగా గడువు ఆలోచించడం చాదస్తమని కొందరు నవ్వేవారు. ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వి, తన పని తాను చేసుకునేవారు.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఇంజనీరు ముకుంద్ ఒకరోజు ఆ చాదస్తం గురించే అడిగాడు. అప్పుడే పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టారు. ఉత్తరాలన్నీ అందులోకి చేర్చాక కూడా ముప్పాతిక భాగం ఖాళీగా ఉంది.

"సార్, తిరునాళ్లు జరిపేంత చోటు ఉంది. ఇంకా ఈ గడువులు ఎందుకు? అందరివీ అన్నీ ఉంచేస్తే ఎవరికి నష్టం?"

"చోటు లేక పెట్టానని నీకెవరు చెప్పారు?" అన్నారు వలీ గారు.

"మరి?"

"ముందు పాత గడువులన్నీ ఉన్నవి ఉన్నట్టు ఎక్కించు. నీ ప్రశ్న ఎక్కడికీ పోదులే."

ముకుంద్ అలాగే చేశాడు. అన్నిటిలోకీ వసుమతి గారి బాక్సు గడువు అతనికి వింతగా తోచింది. ఆమె విద్యార్థుల కౌన్సెలర్. మనసు బాగోలేని పిల్లలు ఆమెకు రాసుకుంటారు. అలాంటి ఉత్తరాలు ఏడాది దాటితే సర్వర్లోనూ ఉండవు, బ్యాకప్‌లోనూ ఉండవు. బ్యాకప్‌ను కూడా వదలని గడువు ఇంకే బాక్సుకూ లేదు. ఆ నియమాన్ని పాలక మండలి ఎప్పుడో ఆమోదించింది. అది పెట్టిన నాటి సంభాషణను వసుమతి గారు తర్వాత చాలామందికి చెప్పారు. మీకు ఎవరు రాస్తారని వలీ గారు అడిగితే, "నిద్ర పట్టని పిల్లలు" అన్నారట ఆమె. "తర్వాత వాళ్లేమవుతారు?" అని ఆయన అడిగారట. "చాలామందికి నిద్ర పడుతుందండీ" అన్నారట.

కొత్త సర్వర్ కుదురుకున్న కొన్నాళ్లకు రిజిస్ట్రార్ గారు స్వయంగా సర్వర్ గదికి వచ్చారు. ఫోను చేసి పిలిపించుకునే మనిషి నడిచి వచ్చారంటే విషయం చిన్నది కాదని ముకుంద్‌కు అర్థమైంది. ఆయన తలుపు దగ్గరగా వేసి కూర్చున్నారు.

"వలీ గారూ, రేపు కంది విభాగంలో లెక్చరర్ పోస్టుకు ఇంటర్వ్యూ. స్వరూప అనే అమ్మాయి వస్తోంది. ఇక్కడే చదివింది. మార్కుల్లో అందరికంటే ముందుంది. కానీ చదివే రోజుల్లో బతకడం వృథా అన్నట్టు కౌన్సెలర్‌కు ఏవో రాసిందని ఒకరు నా చెవిన వేశారు. ఆ ఉత్తరాలు నేను చూడాలి."

వలీ గారు తన కుర్చీని ఆయన వైపు తిప్పుకున్నారు.

"నాకు ఆ అమ్మాయి మీద కక్ష లేదు. రేపు పిల్లల ముందు నిలబడాల్సిన మనిషి. తెలుసుకోకుండా ఉద్యోగం ఇచ్చి, రేపు ఏదైనా జరిగితే నన్ను అడుగుతారా, మిమ్మల్ని అడుగుతారా?"

ఆయన మాటలో కపటం లేదు. నిజంగానే భయపడుతున్నారు. కాని ఆ ఉత్తరాలు ఆయన చేతికి వెళితే మర్నాడు ఆ అమ్మాయి ఏం మాట్లాడినా ఎవరికీ వినబడదని ముకుంద్‌కు తెలుసు.

"కాయితం మీద రాసి ఇస్తారా సార్?" అన్నారు వలీ గారు.

రిజిస్ట్రార్ గారు అక్కడికక్కడే రాసి, సంతకం చేసి ఇచ్చారు. వలీ గారు దాన్ని ఆసాంతం చదివి, ముకుంద్ వైపు తిరిగారు.

"వెతుకు. సార్‌కు కనబడేలా స్క్రీన్ ఇటు తిప్పు."

ముకుంద్ ఒకసారి ఆయన ముఖంలోకి చూశాడు. అక్కడ ఏమీ దొరకలేదు. పేరు కొట్టి వెతికాడు. వసుమతి గారి బాక్సులో ఆ పేరుతో ఒక్క ఉత్తరం కూడా లేదు.

"బ్యాకప్ ఉంటుందిగా?" అన్నారు రిజిస్ట్రార్.

"ఆ బాక్సుకు బ్యాకప్‌లోనూ అదే గడువండీ. అయినా చూపించు ముకుంద్."

అక్కడా లేవు.

"చెరిపేశారా?" ఆయన గొంతు పెరిగింది.

"గడువు చెరిపేసింది సార్. ఆ అమ్మాయి ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టకముందే. అప్పట్లో అందరి ఉత్తరాలతో పాటు ఆమెవీ పోయాయి."

రిజిస్ట్రార్ గారు ఖాళీ స్క్రీన్‌ను ఇంకోసారి చూశారు. తర్వాత లేచి కండువా సర్దుకున్నారు. "అయితే రేపు ఆ అమ్మాయి పాఠం ఎలా చెబుతుందో వినడం తప్ప దారి లేదన్నమాట."

"అంతే సార్" అన్నారు వలీ గారు మర్యాదగా లేచి నిలబడి.

ఆయన వెళ్లాక ముకుంద్ ఆగలేకపోయాడు. "సార్, ఒకవేళ అవి ఉండుంటే ఇచ్చేవారా?"

"సంతకం చేసి అడిగారు. ఇవ్వక ఏం చేస్తాను? ఇంట్లో నలుగురున్నారు, నాకూ ఉద్యోగం కావాలిగా. అంత గట్టివాణ్ని కాదని తెలుసు కాబట్టే ముందే గడువు పెట్టుకున్నాను."

ధైర్యం గురించి మాట్లాడేవాళ్లు ఆ విశ్వవిద్యాలయంలో తక్కువేమీ లేరు. తన ధైర్యం ఎంతో సరిగ్గా కొలుచుకుని, అది సరిపోని రోజు వస్తుందని ముందే ఏర్పాటు చేసుకున్న మనిషి మాత్రం ఈయన ఒక్కరే. ముకుంద్ చాదస్తమనే మాట మళ్లీ ఎప్పుడూ అనలేదు.

ఇంటర్వ్యూలో స్వరూప కంది పువ్వును చేతిలో పట్టుకుని పాఠం చెప్పింది. అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసింది రిజిస్ట్రార్ గారే. నియామక పత్రం మీద సంతకం చేసిందీ ఆయనే.

చేరిన రోజున ఆమె మెయిల్‌బాక్స్ కోసం సర్వర్ గదికి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది.

"సార్, నేను ఇక్కడ చదివేటప్పుడు వసుమతి మేడం గారికి కొన్ని రాశాను. అవి ఇంకా..."

"లేవమ్మా. ఎప్పుడో పోయాయి."

ఆమె వెనక్కి జారి కుర్చీ నిండుగా కూర్చుంది. ముకుంద్ కంప్యూటర్ ముందు సిద్ధంగా ఉన్నాడు. వలీ గారు ఎప్పటిలాగే అడిగారు.

"మీకు ఎవరు రాస్తారు?"

"రైతులు రాస్తారండీ. ఏ చేలో ఏ కంది ఎలా కాసిందో ఫొటోలు పెడతారు. ఒక రకం నిలబడిందో లేదో తేలడానికి ఏళ్లు పడుతుంది. పాతవి ఒక్కటి పోయినా మళ్లీ మొదటికి వస్తాం."

ముకుంద్ గడువు లేదని నమోదు చేయబోయాడు. స్వరూప కిటికీ వైపు చూస్తూ మళ్లీ అంది.

"పిల్లలు కూడా రాస్తారేమో. రాయమని చెబుదామనుకుంటున్నాను."

వలీ గారు ముకుంద్ వైపు తిరిగారు.

"ఆమెకు రెండు బాక్సులు తెరువు."